మాట ఒకరిది, చేయి ఒకరిది

ఉమాశంకర్‌కు కాఫీ ఎప్పుడూ అర గ్లాసే పోయాలి. నిండుగా పోస్తే తొణుకుతుంది. తొణికితే ఎదురు కుర్చీలో పేపరు చదివే మామగారు తలెత్తి చూస్తారు. అందుకే రోజూ పొద్దున ఆరున్నరకు నమిత స్టీలు గ్లాసులో సగం దాకా పోసి, పొగ తగ్గేదాకా తిరగబోసి, దాన్ని భర్త చేతికివ్వకుండా ఆయన ముందున్న స్టూలు మీద పెట్టి, మామగారు పేజీ తిప్పేదాకా అక్కడే నిలబడుతుంది. పేజీ తిరగగానే ఉమాశంకర్ రెండు చేతులా గ్లాసు పట్టుకుని రెండు గుక్కల్లో తాగేస్తాడు. ఏడేళ్లుగా ఈ తతంగం నడుస్తున్నా ఆ ఇంట్లో ఎవరి కంటా పడలేదు. పడిందల్లా అర గ్లాసే.

"మొగుడికి నిండా కాఫీ పోసేదానికి చేయి రాదా నమితా నీకు?" అంటుంది అత్త పుష్పవతి, వారానికి ఒకసారైనా. "వాడు నోరు తెరిచి అడగడు, నువ్వు పోయవు. అంత పెద్ద డాక్టరు చదువు చదివినావు, ఇదొకటి నేర్చుకోలేదు."

నమిత నవ్వి ఊరుకుంటుంది. ఏమని చెబుతుంది? మీ అబ్బాయి చేతులు ఒళ్లో ఉన్నంతసేపే చేతులు, ఏదైనా పట్టుకున్నాయంటే వణుకుతాయి, ఆ వణుకుడుకు పేరుంది, మందుంది, మందుకు పూర్తిగా లొంగదు అని చెప్పాలా? కంటి సర్జన్‌కు అటువంటి చేతులుంటే ఏమవుతుందో ఆ ఇంట్లో ఎవరికైనా విడమరిచి చెప్పాలా? చెప్పనని ఆమె మాటిచ్చింది. మాటిచ్చిన రోజున అది పెద్ద బరువనిపించలేదు, అదే చిత్రం.

హోసూరు పాత బజారు వీధిలో కింద చీరల కొట్టు, దాని వెనక ఇల్లు, మీద కంటి ఆసుపత్రి. కొట్టు మామగారు వాసుదేవది. ఇప్పుడు కొట్టును గుమాస్తాలకు వదిలేసి, ఆయన పైన ఆసుపత్రి హాలులో బల్ల వేసుకుని వచ్చినవాళ్లకు టోకెన్లు ఇస్తూ కూర్చుంటాడు. బోర్డు మీద డాక్టర్ ఉమాశంకర్ కంటి ఆసుపత్రి అని మూడు భాషల్లో ఉంటుంది. నమిత పేరు లేదనడానికి లేదు. అట్టడుగున, ఆదివారం సెలవు అన్న ముక్కకు కాస్త పైన ఉంది. తళి నుంచి, మత్తూరు నుంచి, కృష్ణగిరి నుంచి, జూజువాడి అవతల కర్ణాటక పల్లెల నుంచి కూడా జనం వస్తారు. సార్ చేయి మంచిదని వస్తారు. "మా కోడలు కూడా డాక్టరేనప్పా. నా కొడుక్కి సాయంగా ఉంటాది" అని వాసుదేవ టోకెన్ ఇస్తూ ఇస్తూ గొప్పగా చెబుతాడు. ఆయన మనసులో కల్మషం లేదు. తనకు తెలిసిందే చెబుతాడు.

ఆ సాయం చేసే చేయి ఊరికే తయారు కాలేదు. మదురైలో చదువుకునే రోజుల్లో నమిత తెల్లారగానే కసాయి కొట్టుకు పోయి, టిఫిన్ డబ్బాలో ఐసు వేయించుకుని మేక కళ్లు తెచ్చుకునేది. గుడ్డు కూడా ముట్టని ఇంట్లో పుట్టిన పిల్ల. మొదటిరోజు బస్సులో ఆ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుని, మూత ఎక్కడ ఊడుతుందోనని రెండు చేతులా అదిమి పట్టుకుంది. నెల తిరిగేసరికి కొట్టువాడితో బేరమాడి, చిన్న మేకవి కాదు పెద్దదానివి ఇవ్వు అనే దాకా వచ్చింది. మైక్రోస్కోపు కింద రెండు చేతులకు రెండు పనిముట్లు, రెండు కాళ్ల కింద రెండు పెడళ్లు, నాలుగూ నాలుగు పనులు చేస్తూంటే కంటి కటకం వెనకున్న పొర చిరగకుండా చూసుకోవాలి. తలవెంట్రుకలో పదో వంతు మందం కూడా ఉండదు ఆ పొర. అది చిరిగితే కొత్త కటకాన్ని పెట్టడానికి ఆధారం పోతుంది. మేక కళ్లు ఎన్ని చించిందో, మనుషుల కళ్ల దగ్గరికి వచ్చాక ఎన్ని నెలలు కూర్చున్న చోటే చెమటతో తడిసిందో ఆమెకే తెలుసు. చేయి కుదిరాక మాత్రం నోరూ తెరుచుకుంది. ఆపరేషన్ చేస్తూ పేషెంటుతో కబుర్లు చెప్పేది. ఏం కూర వండినావమ్మా, మనవరాలి పేరేమి, మీ ఊళ్లో వానలెట్లా అని. తోటివాళ్లు ఆమెకు రేడియో అని పేరు పెట్టారు. పెద్ద డాక్టర్లు విసుక్కుంటూనే, బాగా భయపడే ముసలివాళ్లను వెతికి మరీ ఆమె బల్ల మీదికి పంపేవారు.

పెళ్లయ్యాక కూడా ఆ రేడియో కొన్నాళ్లు మోగింది. ఉమాశంకర్ అప్పుడు మంచి సర్జన్, అబద్ధమెందుకు. ఇద్దరూ చెరొక బల్ల దగ్గర చేసేవారు. ఒకరోజు మత్తూరు బస్టాండులో టీ కొట్టు పెట్టుకున్న పిల్లప్ప కన్ను ఉమాశంకర్ చేస్తున్నాడు. నమిత పక్కనే ఉంది. పని నడిమధ్యలో ఆయన చేతిలోని పనిముట్టు కొస వణకడం మైక్రోస్కోపుకు తగిలించిన టీవీ తెర మీద కనిపించింది. ఆయన ఆగాడు. మళ్లీ పట్టుకున్నాడు. మళ్లీ వణికింది. మాస్కు పైన ఆయన కళ్లు నమిత వైపు తిరిగాయి. అంతటి మనిషి కళ్లల్లో అంత భయం ఆమె ఎప్పుడూ చూడలేదు. ఆమె తన చేయి ఆయన చేతి మీద పెట్టింది. ఆయన లేచాడు, ఆమె కూర్చుంది. "అయిపోవచ్చింది పిల్లప్పా, ఇంక రెండు నిమిషాలు" అని పక్కన నిలబడి ఆయన అంటూనే ఉన్నాడు, ఆమె చేస్తూనే ఉంది. ముఖం నిండా గుడ్డ కప్పి ఉంటుంది కాబట్టి పిల్లప్పకు ఏమీ తెలియలేదు. నర్సు పవిత్ర చూసి తల దించుకుంది. మర్నాడు కట్టు విప్పగానే పిల్లప్ప ఉమాశంకర్ కాళ్ల మీద పడ్డాడు.

ఆ సాయంత్రం ఉమాశంకర్ ఆమె ఒళ్లో తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "నాయనకి తెలిస్తే తట్టుకోలేడు నమితా. కొన్ని దినాలు ఇట్లే నడిపిస్తాం. మందులు పని చేస్తాయేమో" అన్నాడు. నమిత ఆయన జుట్టు నిమిరింది. అప్పుడు ఆమెకు ఆయన మీద ప్రేమ ఉండింది. ఉండినదాన్ని లేదనుకోవడం దేనికి?

ఆ కొన్ని దినాలు ఏడేళ్లయ్యాయి. ప్రేమగా చేసిన పని మెల్లగా పద్ధతి అయింది, పద్ధతి చట్టమయింది. నమిత పేషెంటు తల దగ్గర కూర్చుని ఆపరేషన్ చేయాలి. ఉమాశంకర్ పక్కన నిలబడి మాట్లాడాలి. ఆమె గొంతు పేషెంటు చెవిన పడకూడదు. ఆడమనిషి గొంతు పడితే అనుమానమొస్తుంది. అందుకని సైగలు పెట్టుకున్నారు. ఆమె వేలితో బల్ల మీద ఒకసారి తడితే కిందికి చూడమనాలి, రెండుసార్లు తడితే కదలొద్దనాలి. ఆయన చెబుతాడు. కబుర్లన్నీ ఆమె మాస్కు వెనకే మిగిలిపోయాయి. మొదట్లో మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగేది. తరవాత్తరవాత గొంతులోనే ఆగింది. ఈమధ్య పుట్టడమే మానేసింది.

ఇంట్లో సంగతి ఇంకా బాగుంటుంది. పది ఆపరేషన్లు చేసిన రోజున నమిత కిందికి దిగి వంటింట్లో చపాతీలు ఒత్తుతుంటే, హాలులో పుష్పవతి కొడుకు చేతులకు నువ్వుల నూనె పట్టిస్తూ కూర్చుంటుంది. "పది కండ్లు చేసిన చేతులు. ఎంత అలసిపోయినాయో నా బిడ్డకి" అంటుంది. ఉమాశంకర్ కళ్లు మూసుకుని చేతులు చాపి ఉంటాడు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఆయన కళ్లు తెరిచి వంటింటి వైపు చూస్తాడేమోనని నమిత చాలాకాలం ఎదురుచూసింది. ఇప్పుడు చపాతీ మాడకుండా చూసుకుంటోంది.

ఇట్లా ఉండగా జవళగిరి నుంచి అంగాళమ్మ వచ్చింది. అరవై దాటిన మనిషి. గులాబీ తోటల్లో కూలి చేసి చేసి, నాలుగేళ్ల కిందట ముల్లు గీరుకుని కుడి కన్ను పోగొట్టుకుంది. చీము పట్టాక గానీ డాక్టరు దగ్గరికి పోలేదు. మిగిలిన ఎడమ కంటికి శుక్లం ముదిరి గోధుమరంగుకు తిరిగింది. కూతురు కలైవాణి హోసూరులో ఒక ఫ్యాక్టరీలో పని చేస్తుంది, షిఫ్టు బట్టలతోనే తల్లిని చేయి పట్టుకుని తీసుకొచ్చింది. "ఒక్క కన్నే సార్ ఉండేది. జాగ్రత్తగా చేయండి" అని ఉమాశంకర్‌తో అంది. "భయపడొద్దమ్మా, నేనున్నా గదా" అన్నాడాయన. పక్కన టార్చి పట్టుకుని కన్ను పరీక్ష చేస్తున్న నమిత వైపు తల్లీ కూతుళ్లు ఇద్దరూ చూడలేదు.

ఆపరేషన్ రోజున సగం పని చక్కగానే సాగింది. మత్తు సూది లేకుండా చుక్కలతోనే చేస్తారు కాబట్టి పేషెంటుకు అంతా తెలుస్తూనే ఉంటుంది. శుక్లం రాయిలా ఉంది. నమిత దాన్ని ముక్కలు చేసి ఒక్కొక్కటే తీస్తోంది. ఉమాశంకర్ ఫోనులో ఏదో మెసేజీ వస్తే నాలుగడుగులు అవతలికి పోయి చూసుకుంటున్నాడు. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆఖరి ముక్క మిగిలి ఉండగా ఆయన తిరిగొచ్చి, ఎడమ పక్క నిలబడి గట్టిగా, "ఏమ్మా అంగాళమ్మా, ఎట్లుండావు?" అన్నాడు.

గుడ్డ కింద అంగాళమ్మ చేతులు కదలడం నమితకు కనబడింది. రెండు అరచేతులూ ఒకదాన్నొకటి వెతుక్కుంటున్నాయి. డాక్టరు సామి లాంటి పెద్దలు పలకరిస్తే చేతులెత్తి మొక్కకుండా ఆమె తన జన్మలో ఎప్పుడూ ఉండలేదు. కదలొద్దు అనే మాట నమిత గొంతులోకి వచ్చింది. ఒక్క అర క్షణం టైము ఉంది. ఆ అర క్షణంలో నమిత నోరు తెరవలేదు. ఏడేళ్ల అలవాటు కొద్దీ వేలు బల్ల మీద రెండుసార్లు తట్టింది. రెండో తట్టు పూర్తయ్యేలోపే అంగాళమ్మ చేతులెత్తి, మాట వచ్చిన వైపు, మర్యాదగా, తల తిప్పింది.

పొర చిరిగింది. కంటి లోపలి జిగురు ముందుకు తోసుకొచ్చింది. తరవాత గంటసేపు నమిత చేసిన పనిని మదురైలో ఆమె గురువులు చూసి ఉంటే మెచ్చుకునేవారు. ఆ ముక్కను వెనక్కి పడనివ్వకుండా తీసింది, ముందుకొచ్చిన జిగురును శుభ్రం చేసింది, కుట్లు వేసింది. కంటిని కాపాడింది. కొత్త కటకం మాత్రం పెట్టలేకపోయింది. ఆరు వారాలు పోయి వాపు తగ్గాక ఇంకో ఆపరేషన్ చేసి పెట్టాలి. అందాకా ఆమెకు వెలుతురూ నీడలూ తప్ప ఏమీ ఆనవు. ఆ గంటసేపూ ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు. ఉమాశంకర్ కూడా.

గ్లౌజులు తీసుకుంటూ తలుపు దగ్గర నిలబడిన నమితకు బయట హాలులో భర్త గొంతు వినబడింది. నెమ్మదిగా, జాలిగా, ఎప్పటి మాదిరే నమ్మకంగా.

"కొంచెం ఇబ్బందయిందమ్మా. నాకు అర్జెంటుగా ఫోను వస్తే బయటికి పోయినాను. మేడమ్ చేసింది. ఆమెకి అనుభవం తక్కువ."

ఏడేళ్లలో వేల కళ్లు. ఒక్కదానికీ ఆమె పేరు పలకని ఆ నోరు, చెడిపోయిన ఒకే ఒక్క కంటికి ఎంత తేలిగ్గా పలికింది! కలైవాణి ఏడుస్తూ ఏదో అరుస్తోంది. పవిత్ర వెనక నుంచి "మేడమ్, కూర్చోండి మేడమ్" అంటోంది. నమిత కూర్చోలేదు. గోడకు చేయి ఆనించి నిలబడింది. తన చేయి తనకే పరాయిదిగా కనబడింది.

ఆ సాయంత్రం గదిలో ఆమె అడిగింది. ఇన్నేళ్లలో ఆమె గొంతు పెంచి అడిగిన మొదటి మాట అదే. "నా పేరు ఎట్లా చెప్పినారు మీరు?"

ఉమాశంకర్ మంచం మీద కూర్చుని చేతులు తొడల కింద పెట్టుకున్నాడు. "ఇంకేం చెప్పేది? నా పేరు పోతే ఆసుపత్రి పోతాది. నాయన పోతాడు. నీ పేరు చెప్తే ఏం పోతాది చెప్పు? పోయేదానికి నీకు పేరుండాల గదా!"

అన్నాక ఆయన ముఖం కూడా ఒక్క క్షణం మాడింది. చెడ్డవాడు కాదు కదా, తాను అన్నది తన చెవినే పడింది. కానీ వెనక్కి తీసుకోలేదు. "బెంగళూరికి పంపిచ్చేస్తాం. పెద్దాసుపత్రిలో చేపిచ్చుకుంటారు. మన ఊరు దాటితే మనకి సంబంధం లేదు" అని అటు తిరిగి పడుకున్నాడు. మూడు రోజుల తరవాత పుష్పవతి ఊరంతా పాకిన సంగతి విని వంటింట్లోకి వచ్చి, "వాడు లేనప్పుడు నీకెందుకే ఆ పెద్ద పనులు? వాడి పేరు చెడగొట్టేదానికా?" అంది. ఆ పూట కూర మాడింది. నమిత దాన్ని పారబోయకుండా తనే తినేసింది.

ఆ తరవాత ఆమెకు ఏదీ సహించలేదు. ఆపరేషన్లు ఆగలేదు. ఆగితే జనం అడుగుతారు. బల్ల దగ్గర కూర్చున్న ప్రతిసారీ గుడ్డ కింద చేతులు లేస్తున్నట్టే ఉండేది. వేలు కొసకు వణుకు పుడుతుందేమోనని చూసుకునేది. పుడితే బాగుండునని కూడా ఒకసారి అనుకుంది. ఇద్దరి చేతులూ పోతే ఇద్దరం సమానం, ఈ ఆసుపత్రికి తాళం వేసి హాయిగా కూర్చోవచ్చు. ఆ ఆలోచనకు తనే జడుసుకుంది. తన పుట్టింట్లో చెబుదామని ఫోను తీసింది. అమ్మ ఎత్తగానే, "అల్లుడు బాగున్నాడా? నిన్న ఎవరో కృష్ణగిరిలో ఆయన్ని దేవుడన్నారంట" అంది. బాగున్నాడని చెప్పి పెట్టేసింది.

మూడో ఆదివారం, కూరగాయలకని చెప్పి, నమిత జవళగిరి బస్సెక్కింది. అంగాళమ్మ ఇంటి గుమ్మంలో చేట ముందు పెట్టుకుని చింతపండు గింజలు తీస్తోంది. కంటితో కాదు, వేళ్లతో. అడుగుల చప్పుడుకు తల తిప్పి, "ఎవురది?" అంది.

"ఆసుపత్రి నుంచి వచ్చినానమ్మా. కన్ను చూస్తాను."

"నర్సమ్మవా?"

నమిత టార్చి కోసం సంచిలో వెతికింది. "ఊ" అంది.

ఇంతకంటే నీచం ఉంటుందా అని ఆ క్షణమే అనిపించింది. కానీ అనేసింది. ఆ ముసలమ్మకు తన ముఖం కనబడదు, తన గొంతు తెలియదు. ఆమె కంట్లో గంటన్నర సేపు ఉన్న మనిషి గొంతు ఆమె ఎన్నడూ వినలేదు. నమిత టార్చి తీసి చూసింది. వాపు బాగా తగ్గింది. చుక్కలు వేసింది.

"సామి పంపించినాడా నిన్ను? మంచోడమ్మా సామి" అంది అంగాళమ్మ. "ఆ పొద్దు నన్ను పలకరించినాడు. పండుకోని ఉంటే మాత్రం పెద్దోళ్లు పలకరిస్తే మొక్కకుండా ఉంటామా? ఆయప్ప నా పక్కనే ఉండాడు గదా, కంట్లో చేసేది ఆయప్పే గదా, ఆయనే పలకరించినాడంటే పని నిలిపినాడనుకుంటిని. ఆ మేడమ్ ఎప్పుడొచ్చి కూచునిందో ఏమో. ఒక్క మాట చెప్పలేదు. దొంగ మాదిరి వచ్చి చేసింది." చేటలో గింజలు పక్కకు తోస్తూ మెల్లగా అంది, "కూతురికి పెండ్లి సంబంధం వచ్చింది. అల్లుణ్ణి చూడొద్దా నేను?"

తిరుగు బస్సులో నమిత కిటికీకి తల ఆనించి ఏడ్చింది. పక్కన కూర్చున్న ఆవిడ నీళ్ల సీసా ఇచ్చింది గానీ ఎందుకని అడగలేదు. దొంగ మాదిరి. ఇన్నేళ్లూ తనదే ఎవరో దొంగిలించారని నమిత అనుకుంటూ వచ్చింది. తన పని, తన పేరు, తన మాట. అది నిజమే. కానీ పిల్లప్ప నుంచి అంగాళమ్మ దాకా, ఎవరి చేతిలో కన్ను పెడుతున్నారో తెలియకుండా పడుకున్న వాళ్లందరి దగ్గరా తను కూడా ఏదో తీసుకుంది. భర్త పరువుకు కాపలా కాస్తున్నాననుకుంటూ, గుడ్డ కింద ఉన్న మనుషులను మరిచిపోయింది. ఆ సంగతి ఒక ముసలమ్మ గింజలు తీసినంత సులువుగా తీసి చేతిలో పెట్టింది.

ఆరో వారం కలైవాణి తల్లిని తీసుకుని బెంగళూరికి పోలేదు. మళ్లీ హోసూరుకే వచ్చింది. శుక్రవారం పొద్దున పదకొండు గంటలకు హాలు నిండా జనం ఉన్నారు. వాసుదేవ బల్ల దగ్గర టోకెన్లు ఇస్తున్నాడు. ఉమాశంకర్ గదిలోంచి బయటికొచ్చి, ఎప్పటి మాదిరే జనం మధ్యలో నిలబడి ఒక్కొక్కరినీ పలకరిస్తున్నాడు. నమిత వెనకాలే ఉంది.

"సార్" అంది కలైవాణి గట్టిగా. జనమంతా చూశారు. "బెంగళూరికి పొమ్మని చీటీ ఇచ్చినారు. ఆడ మాకెవురు తెలుసు సార్? నాకు లీవు లేదు. మీరే చేయండి. మీ చేత్తోనే చేయాల. ఆ మేడమ్ మాత్రం వద్దు. ఒక్క కన్ను సార్ మా అమ్మకి. ఇంకొకటి లేదు."

ఉమాశంకర్ ఒక్క క్షణం తడబడ్డాడు. అందరూ చూస్తున్నారు. తండ్రి చూస్తున్నాడు. "సరేమ్మా" అన్నాడు. "సోమవారం తీసుకోని రా. నేనే చేస్తాను. నా మాట." అని నమిత వైపు చూశాడు. ఆ చూపుకు అర్థం ఆమెకు తెలుసు. ఏముంది, ఎప్పటి మాదిరే. నువ్వు కూర్చో, నేను మాట్లాడతా.

చేయగలదు. నమితకు తన చేతి మీద ఆ నమ్మకం తిరిగొచ్చింది. సోమవారం నోరు మూసుకుని కూర్చుంటే అరగంటలో కటకం పెట్టేస్తుంది. మంగళవారం అంగాళమ్మ చూస్తుంది, అల్లుణ్ణీ చూస్తుంది, ఉమాశంకర్ కాళ్లకు మొక్కుతుంది. ఎవరికీ నష్టం లేదు. ఆసుపత్రి నిలుస్తుంది, మామగారి గుండె నిలుస్తుంది, ఇల్లు నిలుస్తుంది. ఒక్క తను నోరు మూసుకుంటే చాలు. ఏడేళ్లు మూసుకున్నది ఇంకొక్క సోమవారం మూసుకోలేదా? కానీ ఆ తల్లీ కూతుళ్లు ఉన్న ఒక్క కన్నునూ తెచ్చి వణికే చేతుల్లో పెడుతున్నామని తెలియక, అవే కావాలని బతిమాలుతున్నారు. అది చూస్తూ నిలబడటం ఇంక ఆమె వల్ల కాలేదు.

"సార్ చేయలేరు కలైవాణీ" అంది నమిత.

ఆమె గొంతు బొంగురుగా వచ్చింది. హాలులో ఆమె గొంతు విన్నవాళ్లు తక్కువ. అందరూ తల తిప్పారు.

"నమితా, లోపలికి పో" అన్నాడు ఉమాశంకర్.

ఆమె పోలేదు. "సార్ చేతులు వణుకుతాయి. ఏడేండ్లయింది. అప్పటినుంచి ఈడ చేసిన కండ్లన్నీ నేను చేసినవే. బాగుపడినవి నేను చేసినవే. మీ అమ్మ కన్ను చెడింది కూడా నా చేతిలోనే. సార్ బయటికేమీ పోలేదు. పక్కనే నిలబడి మాట్లాడినారు. నేను మాట్లాడకుండా చేసినాను. రోజూ అట్లే చేస్తాము."

వాసుదేవ చేతిలోని టోకెన్ల కట్ట బల్ల మీద పెట్టి లేచాడు. "ఏం మాట్లాడతా ఉండావమ్మా?" అని కోడలితో అని, కొడుకు వైపు తిరిగాడు. "ఉమా, ఏదీ, చేయి చాపు నాయనా."

ఉమాశంకర్ రెండు చేతులూ తెల్లకోటు జేబుల్లో పెట్టుకున్నాడు. పెట్టుకుని, తండ్రి ముఖంలోకి చూడలేక నేల చూశాడు. వాసుదేవ మెల్లగా మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. నమిత ఆ ఇద్దరినీ చూసింది. అయినా అన్న మాటను వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

"అంటే ఇన్నేండ్లూ మోసమా?" అంది కలైవాణి. "మేము ఎవురి దగ్గర సంతకం పెడితిమి, ఎవురు చేస్తిరి? మీరు డాక్టర్లా?"

"అవును, మోసమే" అంది నమిత. "బెంగళూరులో నాకు తెలిసిన డాక్టరుంది. తీసుకోని పోతామంటే నేనే వెంట వస్తాను. ఈడే చేయమంటే నేను చేస్తాను. కానీ నేను చేస్తానని తెలిసి పడుకోవాల. మీ ఇష్టం."

కలైవాణి తల్లి చేయి పట్టుకుని లాగింది. "లెయ్యిమ్మా, పోదాం." అంగాళమ్మ లేవలేదు. కూతురి చేయి విడిపించుకుని, మాట వచ్చిన వైపు ముఖం తిప్పి, చెవి ఒగ్గి కూర్చుంది.

"నువ్వు ఆ నర్సమ్మవే గదా?" అంది. "మా ఇంటికొచ్చి చుక్కలేసిన మనిషి."

"నేనే" అంది నమిత. "నర్సును కాదు. నీ కన్ను చేసిన డాక్టర్ని. ఆ పొద్దు చెప్పేదానికి నోరు రాలేదు."

అంగాళమ్మ వేళ్లు ఒళ్లో కొంగు కొసను మెలితిప్పుతున్నాయి.

"నేను చేతులెత్తింది నీకు కనపడిందా?"

"కనపడింది."

"అప్పుడు ఈ గొంతుతో, కదలొద్దు అంగాళమ్మా అని ఒక్క మాట అనింటే, నేను కదిలేదాన్నా?"

ఇన్ని వారాలుగా నమిత తనను తాను అడుక్కోకుండా తప్పించుకుని తిరిగిన ప్రశ్న అదే. భర్త చేసినదానికి, అత్త అన్నదానికి, లోకం తీరుకు ఆమె దగ్గర జవాబులున్నాయి. దీనికి ఒక్కటే ఉంది.

"కదిలేదానివి కాదమ్మా" అంది.

అంగాళమ్మ తల ఊపింది. గోడ పట్టుకుని లేచి నిలబడి, "సోమవారం వస్తాను" అంది. "ఈ తూరి మాత్రం నోరు మూసుకోని నా కన్ను ముట్టొద్దు."